పన్నెండు వారాల గొంతు

వాళ్ళిద్దరికీ పరిచయం వాన వల్ల అయింది. వాన అనగానే ఒకే గొడుగు, తడిసిన ముంగురులు, ఓరచూపులు అనుకునేరు. అవేం లేవు. రేకుల కప్పు మీద వాన పడితే పై గదిలో మైకుకి వేరే శబ్దం వినపడదు. అంతే.

అది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు గట్టిగా చదివి రికార్డు చేసే సంస్థ. పాత మేడ. పైన రికార్డింగు గది, కింద సర్వరు గది. పైన చదివిందంతా కేబుల్లోంచి దిగి కింద సర్వర్లో భద్రంగా ఉంటుంది, లేదా ఉండాలి. ఆ భద్రం సంగతి చూసే ఉద్యోగంలో అతను చేరి నాలుగు రోజులైంది. మొదటిరోజే మేనేజరు మేడం "సర్వర్ బాబు" అని పేరు పెట్టేసింది. అతనికా పేరు నచ్చలేదు. నచ్చకపోయినా పిలిస్తే పలుకుతున్నాడు, కొత్త ఉద్యోగం కదా.

"మీరేనా కొత్త సర్వర్ బాబు?"

తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి. మెడకి మఫ్లరు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, కళ్ళల్లో కోపం. పై గదిలో చదివేది ఈమే, వాన పడుతోంది కాబట్టి కిందికి దిగింది. అందరూ చిన్నగొంతు అంటారు.

"నేనేనండీ. చెప్పండి."

"నా మెషీన్ నిండిపోయిందట. వాక్యం మధ్యలో ఆగిపోయింది. పొద్దున్నించి ముప్ఫై పేజీలు..." అని టప్‌మని రెండు చేతులూ చరిచింది. అతను కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "పొద్దున్నించి నలభై పేజీలు చదివాక ఆగిపోయింది."

"అదేంటండీ, అలా చప్పట్లు కొట్టారు?"

"అలవాటు. చదివేటప్పుడు తప్పొస్తే ఒకసారి చేతులు చరిచి, 'తప్పు, మళ్ళీ' అని వాక్యం మొదటినుంచి చదువుతాం. స్క్రీన్ మీద ఆ చప్పుడు పెద్ద ముల్లులా కనిపిస్తుంది. తర్వాత కత్తిరించడం తేలిక."

"మామూలు మాటల్లో కూడానా?"

"తప్పు ఎక్కడైనా తప్పే కదండీ."

అతను ఆమె మెషీన్ని తన స్క్రీన్ మీదకి తెచ్చుకున్నాడు. ఒక్క ఫోల్డరే సగం డిస్కుని మింగి కూర్చుంది. దాని పేరు పెద్దగొంతు.

"ఇదెవరు?"

"మా తాతయ్య."

ఆ మాటతో ఆమె కోపం కాస్త దిగింది. ముప్ఫై అయిదేళ్ళు పై గదిలో చదివింది ఆయనే. ఎనిమిది వారాల క్రితం గొంతుకి ఆపరేషన్ అయి, స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆపరేషనుకి ముందు నెల్లాళ్ళు ఆయన మొండిపట్టు పట్టి, పద్నాలుగు అధ్యాయాల నవల ఒకటి చదవడం మొదలుపెట్టారు. పదకొండు పూర్తయ్యాయి. ఇక డాక్టరు ఆగనన్నాడు. మిగిలిన మూడు అధ్యాయాలూ మనవరాలు చదవాలి.

"రోజూ కొంచెం వింటాను," అందామె. "ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ సాగదీస్తాడో పట్టుకోవాలి. గొంతు మారినా నడక మారకూడదు కదా."

"వినండి, ఎవరొద్దన్నారు? సర్వర్లోంచి వినండి. అక్కడ ఒక కాపీ ఉంది, బ్యాకప్ డిస్కులో ఇంకోటి. మీ దగ్గర మూడోది దండగ. తీసేయండి."

"బ్యాకప్ బాగానే పనిచేస్తోందా?"

ఆ ప్రశ్న అతనికి ఎంత నచ్చిందో చెప్పలేం. ఎవరో ఒకరు అడుగుతారని రెండు రోజుల్నించి ఎదురుచూస్తున్నాడు.

"మొన్నే సరిచేశా. నేనొచ్చి చూస్తే బ్యాకప్ డిస్కు అసలు మౌంటే అయి లేదు. ఎప్పుడో కరెంటు పోయి మెషీన్ మళ్ళీ లేచినప్పుడు అది తగులుకోలేదు. మెయిల్ పెట్టాను, చూడలేదా?"

"చూశా. ఒకే వాక్యానికి మూడు ఆశ్చర్యార్థకాలున్నాయి. పైకి చదవడానికి ఊపిరి చాల్లేదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మీది గ్యారంటీనా?"

"నాది గ్యారంటీ. ఒట్టు."

ఆమె వంగి, అతని కళ్ళ ముందే ఆ ఫోల్డరు తీసేసింది. అప్పటికి వాన వెలిసింది. ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. అమ్మాయి బాగుంది, కొంచెం కటువు అనుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

* * *

వారం తిరిగింది. ఆ ఉదయం సర్వరు గదిలో టిక్కు టిక్కు అని గోడగడియారంలాంటి చప్పుడు వినిపించింది. ఆ గదిలో గోడగడియారం లేదు.

రికార్డింగులన్నీ ఉండే పెద్ద డిస్కు పోయింది. మేడం పరుగెత్తుకొచ్చింది.

"కంగారుపడకండి మేడం, బ్యాకప్ ఉంది," అన్నాడు అతను. ఆ వారంలో అతను ధైర్యంగా పలికిన ఆఖరి వాక్యం అదే.

బ్యాకప్ డిస్కు తెరిచాడు. పాత సంవత్సరాలన్నీ ఉన్నాయి. గత తొమ్మిది రోజులదీ ఉంది. మధ్యలో పన్నెండు వారాలు లేవు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మూడుసార్లు చూశాడు. ముందు పళ్ళు ఊడిన నోరులా అక్కడంతా బోసిగా ఉంది. పెద్దగొంతు పదకొండు అధ్యాయాలూ సరిగ్గా ఆ బోసిలోనే పడ్డాయి.



బ్యాకప్ చేసే ప్రోగ్రాం తెరిచి వరసగా చదివాడు. అది రోజూ అన్నీ కాపీ చేయదు. కిందటిసారి ఎప్పుడు చేసిందో ఒక చిన్న ఫైల్లో తేదీ రాసుకుని, ఆ తర్వాత వచ్చిన కొత్తవి మాత్రమే తీసుకుంటుంది. ఆ పన్నెండు వారాల్లో రోజుకొకటి చొప్పున ఎనభై నాలుగు మెయిళ్ళు పంపింది. అన్నింట్లోనూ సక్సెస్ అనే ఉంది. డిస్కు లేకుండానే సక్సెస్ ఏమిటి? వట్టి గాలిలోకి రాసి, రాశానని అబద్ధమాడిందనుకున్నాడు. అతను వచ్చి డిస్కు తగిలించాక, పాతవన్నీ ఇంతకుముందే చేసేశానుగా అని వాటి జోలికి పోలేదు.

ఆమె మెషీన్లో తీసేసింది తిరిగి దొరుకుతుందేమోనని చూశాడు. ఆ చోట అప్పటికే వారం రోజుల కొత్త రికార్డింగులు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాయి. చచ్చిన డిస్కుని మేడం రిపేరు కంపెనీకి పంపించింది. ఆశ పెట్టుకోవద్దని వాళ్ళు ఫోన్లోనే చెప్పేశారు.

మెట్లెక్కాడు. పద్దెనిమిది మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒక కొత్త వాక్యం తయారుచేసుకున్నాడు. పైకి వెళ్ళాక ఒక్కటీ పనికిరాలేదు.

"మీ తాతయ్యగారి రికార్డింగు పోయిందండీ. బ్యాకప్‌లోనూ లేదు. నేను చెప్పబట్టే మీరు మీ కాపీ తీసేశారు. చూసుకోకుండా ఒట్టేశాను. తప్పు నాదే."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మఫ్లరు కొస వేలికి చుట్టి మళ్ళీ విప్పింది.

"తప్పొస్తే మళ్ళీ చదవొచ్చు," అంది చివరికి. "ఈ గదిలో ఉన్నది ఆ ఒక్క రూలే. ఆయన మళ్ళీ చదవలేడు. నేనింటికెళ్ళి ఆయనకేం చెప్పాలి?"

అతను గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు చెప్పండి," అందామె. "చెప్పలేకపోతే ఈ గదిలోంచి ఇప్పుడు వెళ్ళిపోండి."

వెళ్ళిపోయాడు. కిందికొచ్చి, పై గదిలో పని ఆగకూడదని ఆమె మెషీన్ని ప్రస్తుతానికి బ్యాకప్ డిస్కుకే కలిపాడు. చేతనైనది అదొక్కటే.

* * *

అతను అక్కా బావల దగ్గర ఉంటున్నాడు. మర్నాడు పొద్దున కాఫీ చల్లారిపోతున్నా తాగడం లేదని అక్క కనిపెట్టింది. అక్కకి కనిపెట్టడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

"ఏరా, ఉద్యోగం పోయిందా?"

"ఇంకా పోలేదు. సాయంత్రానికి రిపోర్టు ఇమ్మన్నారు."

సంగతంతా చెప్పాడు. అక్క విని, "ఆ అమ్మాయితో నిజం చెప్పావా, నాన్చావా?" అంది.

"చెప్పేశా."

"ఏమంది?"

"బయటికి పొమ్మంది."

"మంచిదే. అసలు మాట్లాడకపోతే ఏడవాలి గానీ, పొమ్మనడం కూడా మాటేగా. తాగు." కప్పు అతని ముందుకి నెట్టింది. "అన్నట్టు, అమ్మాయి ఎలా ఉంటుంది?"

"అక్కా! నా కొంప మునిగి నేనేడుస్తుంటే..."

"అడిగానంతే. నువ్వు చెప్పినంతసేపూ డిస్కు గురించి మూడు ముక్కలు, మఫ్లరు గురించి ఏడు ముక్కలు చెప్పావు. అందుకని అడిగా."

అతను కాఫీ గటగటా తాగేసి ఆఫీసుకి పారిపోయాడు.

* * *

రిపోర్టులో మొదట సర్వరు పరిస్థితి రాయాలి. మెషీన్ సొంత డిస్కు ఎంత నిండిందో అడిగాడు. తొంభై నాలుగు శాతం అంది. అదే డిస్కులో ఫోల్డర్లన్నీ విడివిడిగా కొలిచి కూడాడు. ముప్ఫై ఒకటే వచ్చింది.

మళ్ళీ కూడాడు. ముప్ఫై ఒకటే.

మిగతా అరవై మూడు శాతం ఎవడు తిన్నాడు? తీసేసినా ఇంకా ఏదో ప్రోగ్రాం పట్టుకుని వేలాడే ఫైళ్ళుంటే ఇలా తేడా వస్తుంది. వెతికాడు. అలాంటివేమీ లేవు. చేరినరోజు కూడా ఈ తొంభై నాలుగు కనిపించిందనీ, ఏవో పాత చెత్త ఫైళ్ళేలే అని వదిలేశాననీ అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సర్వరు లాంటి యూనిక్స్ మెషీన్లో కొత్త డిస్కు వాడాలంటే ముందు ఒక ఫోల్డరు చూపించి, ఇదిగో నువ్విక్కడ కూర్చో అని తగిలించాలి. అదే మౌంటు. తగిలించినంతసేపూ ఆ ఫోల్డర్లో కనిపించేది కొత్త డిస్కే. తగిలించకపోతే అది మామూలు ఫోల్డరు. అందులో ఎవరేం రాసినా మెషీన్ సొంత డిస్కులోకి వెళ్తుంది.

అతని చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

ఆ పన్నెండు వారాలూ బ్యాకప్ ప్రోగ్రాం గాలిలోకి రాయలేదు. అబద్ధమూ ఆడలేదు. డిస్కు లేని ఆ ఫోల్డర్లోనే శ్రద్ధగా రోజూ రాసుకుంటూ పోయింది. తర్వాత ఒక శూరుడొచ్చి, ఫోల్డరు ఖాళీగా ఉందో లేదో చూడకుండా దానిమీద డిస్కు తెచ్చి కూర్చోబెట్టి, మూడు ఆశ్చర్యార్థకాలతో మెయిల్ పెట్టాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నిన్నటినుంచి అతను ఆ డిస్కు పైనే కూర్చుని వెతుకుతున్నాడు.

బ్యాకప్ డిస్కుని ఊడదీసి చూస్తే తేలిపోతుంది. అన్‌మౌంట్ అని కొట్టాడు.

కుదరదు, ఎవరో వాడుతున్నారు అంది మెషీన్.

ఎవరు? అని అడిగాడు. జాబితాలో ఒకే ఒక్క పేరు వచ్చింది. చిన్నగొంతు.

బలవంతంగా ఊడబెరికే దారి ఉంది. ఒక్క అక్షరం ఎక్కువ కొడితే చాలు, పైన ఆమె తెరిచి వింటున్న పాత రికార్డింగు ఠక్కున తెగిపోతుంది. ఆ అక్షరం మీద వేలు పెట్టి తీసేశాడు. ఆమె వింటున్న గొంతు ఒకసారి తన వల్ల పోయింది. రెండోసారి అడగకుండా ఆపబుద్ధి కాలేదు. లేచి పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి తనే కళ్ళు తెరిచింది.

"మళ్ళీ ఏం పోయింది?"

"ఏం పోలేదు. మీరు బ్యాకప్ డిస్కులోంచి ఏదో వింటున్నారు."

"తాతయ్యది. ఆరేళ్ళ క్రితం చదివిన పుస్తకం. వినకూడదా?"

"అయిదు నిమిషాలు ఆపాలండీ. మీరు ఆపితేనే ఆ డిస్కు ఊడదీయగలను."

ఆమె రెండు చేతులతో హెడ్‌ఫోన్లు గట్టిగా పట్టుకుంది. "నాకు మిగిలింది ఇదొక్కటే. ఇదీ ఊడదీస్తారా?"

"నేల మీద పుస్తకాలు పరిచి ఉంటే చూసుకోకుండా వాటి మీద పరుపు వేసేశాననుకోండి. పుస్తకాలు పోలేదు, పరుపు కింద ఉన్నాయి. నేను చేసింది అదేనని నా అనుమానం. పరుపు ఎత్తి చూడాలి. పరుపు మీద మీరున్నారు."

"కింద ఉన్నాయా, ఉన్నాయేమోనా?"

"ఉన్నాయేమో. ఒట్టు మాత్రం వేయను. పోయినసారి వేశాను కదా."

ఆమె అతని మొహంలోకి చూసింది. మొన్నటి సర్వర్ బాబుకి కళ్ళ కింద నలుపు లేదు, మాటలో ఈ బెరుకూ లేదు. హెడ్‌ఫోన్లు తీసింది. తాతయ్య గొంతుని తన చేత్తోనే ఆపింది. "నేనూ వస్తాను. పోయినా నా కళ్ళ ముందే పోవాలి," అని మెట్ల వైపు నడిచింది.

కింద ఒకే కుర్చీ ఉంది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. అతను కమాండు కొట్టాడు. ఈసారి మెషీన్ ఏమీ అనలేదు. యూనిక్స్ ఏమీ అనలేదంటే ఒప్పుకుందని అర్థం. డిస్కు తప్పుకుంది. ఆ ఫోల్డర్లో ఏముందో చూపించమన్నాడు.

స్క్రీన్ పైనుంచి కిందిదాకా తేదీలు జలజలా రాలాయి. ఎనభై నాలుగు.

"ఇవేనా?" అని ఆమె స్క్రీన్ మీదకి వంగింది.

అతను ఒకదాన్ని తెరిచి స్పీకరు పెట్టాడు. ఒక దగ్గు వినిపించింది. కాగితం తిరిగిన చప్పుడు. తర్వాత టప్‌మని చేతులు చరిచిన శబ్దం, వెనకే బొంగురుగా, స్థిమితంగా ఒక పెద్దాయన గొంతు.

"తప్పు. మళ్ళీ."

ఆమె ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆమెకి తెలీదు, అతనికి మాత్రం బాగా తెలిసింది.

పదకొండో అధ్యాయం చివరిదాకా పెట్టమంది. ఆయన దాన్ని చదివినరోజు తను గాజు తలుపు అవతల కూర్చుని కన్నీళ్ళతో హెడ్‌ఫోన్లు తీసేసిందట, ఆ తర్వాత చివరిదాకా వినే ధైర్యం చాల్లేదట. అధ్యాయం అయిపోయింది. బల్ల మీద వేలితో కొట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది, టక్ టక్. అది ఆయన గుర్తు, ఈ పేజీ బాగా వచ్చింది, తిప్పు అని. కానీ మైకు ఆగలేదు. ఆయన మాట్లాడుతున్నారు.

"అయిందా అమ్మాయీ? మిగతావి నువ్వు చదువు. నాలాగా చదవకు. నాలాగా నేను చదివేశాగా. నీలాగా చదువు."

ఆమె ముక్కు తుడుచుకుని, "ముందు కాపీలు తీయండి. ఒకటి సర్వర్లో, ఒకటి బ్యాకప్‌లో, ఒకటి నాకు," అంది.

"మూడోది..."

"దండగా?"

"కాదు కాదు. నాలుగోది కూడా ఇస్తానంటున్నా."

సాయంత్రం రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు, ఫోల్డరు చూడకుండా డిస్కు తగిలించింది తనేనని రెండో పేరాలో ఒప్పుకున్నాడు. ఇకనుంచి డిస్కు తగిలించి లేకపోతే ఒక్క ముక్క రాయకుండా గట్టిగా అరవమని ప్రోగ్రాంకి చెప్పాడు. మేడం చదివి, "ఈ రెండో పేరా రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా బాబూ," అంది. ఉద్యోగం నిలిచింది. కారణం ఆ రెండో పేరానే అని ఆవిడ చాలా రోజుల తర్వాత చెప్పింది.

* * *

తాతయ్య అతన్ని చూడాలన్నారు. ఇంటికి వెళ్ళాడు. కిటికీ పక్క వాలుకుర్చీలో బక్కపలచటి పెద్దాయన, ఒళ్ళో తెల్లబోర్డు, చేతిలో మార్కరు.

"పోగొట్టింది నువ్వేనా?" అని రాసి చూపించారు.

"అవునండీ తాతయ్యగారూ."

తుడిచి మళ్ళీ రాశారు. "వెతికి పట్టింది?"

"అదీ నేనేనండీ."

"రెండు పనులూ నువ్వే చేసేస్తే ఆఫీసులో మిగతావాళ్ళు ఏం చేస్తున్నట్టు?"

తలుపు దగ్గర ఆమె పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం వినడం అతనికి అదే మొదటిసారి. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వు వదల్లేదు. అక్క కనిపెట్టేసింది, సహజంగానే.

ఆ తర్వాత అతనికి వాన మీద ఆసక్తి పెరిగింది. పొద్దున లేవగానే ఆకాశం చూసేవాడు. మబ్బుంటే మంచి చొక్కా వేసుకునేవాడు. వాన పడితే ఆమె ఫ్లాస్కుతో కిందికొచ్చేది. ఇప్పుడు సర్వరు గదిలో రెండు కుర్చీలున్నాయి. పన్నెండో అధ్యాయం ఎలా వస్తోందో చెప్పేది, తనలాగా చదవడం ఎంత కష్టమో చెప్పేది. అతను డిస్కుల గురించి చెప్పేవాడు. ఆమె ఆవలించకుండా వినేది, అదే పదివేలు.

ఒకరోజు అతను మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏమైందండీ? ఏ డిస్కు పోయింది?"

"ఏదీ పోలేదు. నిన్న మాన్యువల్ చదువుతుంటే తెలిసింది. ఆరోజు బ్యాకప్ డిస్కు ఊడదీయక్కర్లేదు. అది అక్కడుండగానే, పక్కదారిలో దాని కిందికి చూడొచ్చు."

ఆమె కప్పు కింద పెట్టింది. "అంటే నేను తాతయ్యని ఆపక్కర్లేదా?"

"అక్కర్లేదు. నాకప్పుడు తెలీదు. అనవసరంగా మిమ్మల్ని బాధపెట్టాను. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు, అందుకని."

"తెలిసుంటే?"

"తెలిసుంటే కిందే కూర్చుని చూసేసేవాణ్ణి. పైకి వచ్చేవాణ్ణే కాదు."

వాన చినుకులుగా తగ్గింది. ఆమె కిటికీ వైపు చూస్తూ, "అయితే తెలియకపోవడమే మంచిదైంది," అంది.

వాన పూర్తిగా వెలిసింది. పైకి వెళ్ళాల్సిన మనిషి ఇంకో కప్పు వేడినీళ్ళు పోసుకుంది. అతను ఆ కప్పు అయిపోకూడదని మనసులో గట్టిగా కోరుకున్నాడు.

* * *

పద్నాలుగో అధ్యాయం పూర్తయిన ఆదివారం, పుస్తకం చివరి భాగం వినడానికి తాతయ్య ఇంట్లో అందరూ చేరారు. మేడం వచ్చింది. పిలవకపోయినా అక్క వచ్చింది. "మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?" అని వీధి మలుపులోనే తమ్ముణ్ణి బెదిరించింది.

"నేనే మాట్లాడతా. నువ్వు నోరెత్తకు."

పదకొండో అధ్యాయం చివరి నాలుగు పేజీలు తాతయ్య గొంతులో విన్నారు. పన్నెండు మనవరాలి గొంతులో మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆమె ఆయన్ని అనుకరించలేదు, తన నడకలో తను చదివింది. ఆయన మొహంలో ఎక్కడా వెలితి కనిపించలేదు. పుస్తకం అయ్యేసరికి సాయంత్రమైంది. ఆమె నీళ్ళు తేవడానికి లేచింది. అక్క తమ్ముడి డొక్కలో పొడిచింది.

అతను లేచి నిలబడ్డాడు. మూడు వారాలుగా తయారుచేసుకున్న మాటలు.

"తాతయ్యగారూ, మీ మనవరాలికి నేను... అంటే, నాకు మీ మనవరాలు... మొన్న బ్యాకప్ విషయంలో కూడా నేను..."

టప్!

వాలుకుర్చీలోంచి తాతయ్య రెండు చేతులూ చరిచారు. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. వంటింటి గుమ్మంలో నీళ్ళ గ్లాసుతో ఆమె నిలబడిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆయన మాట తనే అంది.

"తప్పు. మళ్ళీ. మొదటినుంచి చదవండి."

ఈసారి అతను తాతయ్య వైపు కాకుండా ఆమె వైపు తిరిగాడు.

"నాకు మీరంటే ఇష్టం. వాన పడుతున్నా, పడకపోయినా. మీకూ ఇష్టమైతే పెళ్ళి చేసుకుందాం. నేను తప్పులు చేయనని ఒట్టు వేయలేను. చేస్తే మాత్రం దాచను."

ఒక్క మాట కూడా తడబడలేదు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి అతన్నే చూసింది.

"దాచలేరని నాకు తెలుసు," అంది. "అందుకే నాకూ ఇష్టం."

అందరూ తాతయ్య వైపు తిరిగారు. ఆయన బోర్డు తీసుకోలేదు, మార్కరు వెతకలేదు. మనవరాలిని చూసి, అతన్ని చూసి, కళ్ళు తుడుచుకుని, పక్కనున్న బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టారు.

టక్, టక్.